హోల్డ్‌లో పెట్టిన బండ

రెజిమెంటల్ బజార్‌లో నేను మసాలా దినుసులు కొనే కిరాణా కొట్టు ఒకటుంది. మొన్న అక్కడ నిలబడి రాతిపువ్వు అడిగాను. కొట్టు సేటు డబ్బా మూత తీసి గుప్పెడు కాగితం మీద పోశాడు. నేను అందులోంచి ఒక రేకు తీసి వెలుతురుకు పట్టుకుని చూశాను. వెనక్కి తిప్పి చూశాను. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అప్పటికి గానీ సరే అనలేదు. సేటు నా వంక అదోలా చూశాడు.

"మీరు సుత ఆ సార్ లెక్కనే చేస్తున్నరేంది మేడం?" అన్నాడు.

"ఏ సారు?"

"గదే, మెడల బూతద్దం ఏసుకొని వచ్చేటాయన. ఒకపారి మీరిద్దరు కలిసి వచ్చిండ్రు గద. ఈ వెనక గల్లీలనే ఇల్లు. పోయిండు పాపం. నెల దాటింది."

మనిషి పోయాడంటే ఎవరైనా అయ్యో అంటారు. నేను అనలేదు. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "ఎవరు చెప్పారు?"

ఆ మాట నాది కాదు, ఆయనది. ఎవరు ఏం చెప్పినా ఆయన అడిగే మొదటి ప్రశ్న అదే. "ఎవరు చెప్పిండ్రు?" రేపు వాన పడుతుందంటే ఎవరు చెప్పిండ్రు. ఈ రోడ్డు మూసేశారంటే ఎవరు చెప్పిండ్రు. ఒకసారి మా శ్రావంతి తన పుట్టినరోజని లడ్డూలు తెస్తే, లడ్డూ చేతిలో పట్టుకుని ఆ పిల్లనూ అదే అడిగాడు. ఆ పిల్ల బిక్కమొహం వేసి, "మా అమ్మ చెప్పింది అంకుల్," అంది. కాసేపు ఆలోచించి, ఆ సాక్ష్యం చాలుననుకున్నాడేమో, లడ్డూ తిన్నాడు.

మాది ఆదివారం పొద్దున్నే నడిచే గుంపు. శ్రావంతి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వారమంతా బేగంపేట ఆఫీసులో కూర్చుని, ఆదివారం ఒక్కరోజైనా చెట్టూ పుట్టా చూడాలని ఈ నడక మొదలుపెట్టింది. నేను జూనియర్ కాలేజీలో బాటనీ చెప్పి రిటైరైనదాన్ని. కనబడిన మొక్కకల్లా పేరు చెప్పడం నా పని. ఆయన గుంపులోకి ఎలా వచ్చాడో ఎవరికీ తెలియదు. ఒక ఆదివారం చూస్తే వెనకాల నడుస్తున్నాడు. మెడ దాకా గుండీలు పెట్టిన చొక్కా, కాన్వాస్ బూట్లు, మెడలో నల్ల బూటు లేసుకు కట్టిన చిన్న భూతద్దం. పేరు అడిగితే చెప్పాడు గానీ ఫోన్ నంబరు ఇవ్వలేదు. "నంబర్ ఎందుకు? ప్రతి ఐతారం వస్త గద," అన్నాడు. ఇల్లెక్కడంటే చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి సికింద్రాబాద్ మొత్తాన్నీ చూపించింది.

నాకు వెంటనే అనుమానం వచ్చింది. అనుమానం విషయంలో నేనూ తక్కువదాన్ని కాను. ఏళ్ల తరబడి పిల్లల ప్రాక్టికల్ రికార్డులు దిద్దాను. ఒకే మందారం బొమ్మ ఎన్ని చేతులు మారి వచ్చిందో గీత చూసి చెప్పగలను. ఏ చెట్టు పేరూ నమ్మని మనిషికి చెట్లు చూసే గుంపులో ఏం పని? నేను కానుగ అంటే ఆకు తిప్పి చూస్తాడు. తంగేడు అంటే పువ్వు లెక్కపెడతాడు. ఎక్కడో కోకిల కూస్తే అందరం ఆగి వింటుంటే, "నిజంగ కోకిలనేనా? ఎవలన్న ఫోన్ మోగిస్తున్నరా?" అంటాడు. మా ఖర్మ కాలి ఒకరోజు అది నిజంగానే ఎవరి జేబులోనో ఫోను. ఆ తర్వాత నెలరోజులు ఆయన మమ్మల్ని చూసిన చూపు నేను మరిచిపోలేదు.

టీ బండి దగ్గర గ్లాసు తలకిందులు చేసి అడుగు చూసేవాడు. కూర్చోబోయే ముందు బండను రెండుసార్లు తట్టేవాడు, పుచ్చకాయ కొనేవాడిలా. తట్టి, చెవి ఒగ్గి, అప్పుడు పేపరు పరిచి కూర్చునేవాడు. బండకేమవుతుందండీ అని నేను నవ్వితే, "కింద గుల్ల ఉంటే?" అన్నాడు. కోట్ల ఏళ్లనాటి బండ కింద గుల్ల!

ఆ గుట్టు మెల్లగా తెలిసింది. ఏ.ఎస్. రావు నగర్ పక్కనున్న పెద్ద ఎలక్ట్రానిక్స్ కార్ఖానాలో ఆయన తనిఖీ విభాగంలో పనిచేశాడు. అక్కడ తయారైన ప్రతి భాగమూ ఈయన బల్ల మీదుగా పోవాలి. ఈయన చెప్పగలిగిన మాటలు మూడే. పాస్, రిజెక్ట్, లేదంటే తేలేదాకా పక్కన పెట్టే హోల్డ్. మొదటిది ఆయన నోట విన్నవాళ్లు అరుదట. రిటైరయ్యాక బల్ల పోయింది గానీ మాటలు పోలేదు. నేను చెప్పే మొక్కల పేర్లలో సగం రిజెక్ట్, సగం హోల్డ్. వేపచెట్టును కూడా ఒకసారి హోల్డ్‌లో పెట్టాడు, తుర్కవేప కాదని ఎట్ల చెప్తరు అని.

మేము నడిచే దారిలో చివర ఒక కాలనీ ఉంది. అందులో ఎక్కువమంది ఆ కార్ఖానాలో రిటైరైనవాళ్లే. ఆ కాలనీ సందు చివర ఒక బండ. చిన్న బండ మీద పెద్ద బండ ఎక్కి కూర్చుని, ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లుతుందన్నట్టు ఉంటుంది, ఎప్పటికీ దొర్లదు. నేను శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డు ఇసక ఊరి నుంచి వచ్చినదాన్ని. పెళ్లయి ఈ ఊరొచ్చినప్పుడు నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరచింది ఈ బండలే. మా ఇంటి వెనక ఒక గుట్ట ఉండేది. ఒక వేసవి సెలవులకి ఊరెళ్లి వచ్చేసరికి అది లేదు. ఇప్పుడు అక్కడ లిఫ్టులున్న అపార్ట్‌మెంటు. ఈ చుట్టుపక్కల మిగిలింది ఈ జంట బండ ఒక్కటే. అది నాకు ఎంత ఇష్టమో నేను ఎవరికీ చెప్పలేదు, చెబితే ముసలితనం అనుకుంటారని.

ఆ బండను కొట్టించి కార్లకి షెడ్డు వేయాలని కాలనీ సెక్రటరీ నిర్ణయించాడు. మేము వెళ్లి బతిమాలాం. ఆయన మర్యాదస్తుడే. కుర్చీలు వేయించాడు, చాయ్ ఇప్పించాడు, బండ మాత్రం ఉండదన్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, వానలు పడ్డ కొత్తలో, ఆ బండ నీడవైపు శ్రావంతి ఒక మచ్చ చూసింది. అరచేతి వెడల్పున, మామిడిపండు రంగులో, రాతికి అతుక్కుని, అంచులు చీలి ఉంది. అది లైకెన్. తెలియనివాళ్ల కోసం చెబుతాను. బూజు ఒకటి, నాచు ఒకటి కలిసి ఒకే ఇంట్లో కాపురం పెడితే ఏర్పడే జీవి అది. బూజు ఇల్లు కడుతుంది, నాచు వంట చేస్తుంది. మన బిర్యానీలో పడే రాతిపువ్వు కూడా ఆ కుటుంబమే. బూడిదరంగువి, నల్లవి, లేతాకుపచ్చవి ఈ బండల మీద ఎన్నో చూశాను. ఈ రంగుది ఈ వైపు ఎప్పుడూ చూడలేదు. నేను మోకాళ్ల మీద కూలబడి కళ్లద్దాలు దానికి ఆనించి చూశాను. 

ముగ్గురు మూడు ఫోన్లు తీసి, పేర్లు చెప్పే యాప్‌లలో ఫొటోలు పెట్టారు. మూడు ఫోన్లూ మూడు పేర్లు చెప్పాయి. ఆయన పగలబడి నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

"ఇది అరుదైనదని తేలితే బండ నిలబడుతుంది," అంది శ్రావంతి. మళ్లీ సెక్రటరీ దగ్గరికి వెళ్లాం. ఆయన బుర్ర గోక్కుని, మా వెనక నిలబడ్డ భూతద్దం పెద్దాయన్ని చూసి, ఒక్కసారిగా కుర్చీలోంచి లేచాడు. ఈ సెక్రటరీ కార్ఖానాలో ఉత్పత్తి విభాగం మనిషి. ఆయన తయారుచేయించినవాటిని తిప్పికొట్టింది ఈయనే.

"సార్, మీరు సుత వీళ్లల్ల ఉన్నరా?" అన్నాడు. తర్వాత నాతో, "మేడం, ఒక మాట. మీరు చెప్తే నేను నమ్మ. ఫోన్ చెప్తే నమ్మ. ఈ సార్ నోటితోని అది నిజమని అంటే మాత్రం బండ జోలికి రాను. ఈయన లంచానికి, బెదిరింపుకి, దోస్తానాకి దేనికీ పాస్ చెప్పలే. కాలనీల ఎవర్నన్న అడుగున్రి," అన్నాడు.

నా ప్రాణం ఉసూరుమంది. ఆకాశం కింద ఇంతమంది ఉండగా, నా బండ బతుకు వేపచెట్టును హోల్డ్‌లో పెట్టిన మనిషి చేతిలో పడింది.

తర్వాతి ఆదివారం వెళితే మచ్చ పెద్దదైంది. ఆ పై ఆదివారం ఇంకా పెద్దది. జానెడు దాటింది. ఆయన మొదటి రోజే పెన్సిలుతో చుట్టూ గీత గీసి ఉంచాడట. ఆ గీత ఎప్పుడో లోపలికి పోయింది.

"మేడం, ఇది ఏడాదికి ఎంత పెరుగుతది?"

"గోరంత కూడా పెరగదు," అన్నాను. అని, నాలుక కరుచుకున్నాను.

భూతద్దం మూసి మెడలో వదిలాడు. ఆ వాలకం నాకు నచ్చలేదు. పాత శిష్యుణ్ని అడిగి కాలేజీ ల్యాబ్ నుంచి కాస్టిక్ పొటాష్ ద్రావణం చిన్న సీసాలో తెప్పించాను. ఈ రంగు లైకెన్ మీద ఆ చుక్క పడితే ఊదా కలిసిన ఎరుపు రావాలి. అది పాత పరీక్ష, మాకు చదువులో నేర్పినదే. ఆదివారం అందరినీ నిలబెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, ఒక చుక్క వేశాను. భగ్గున ఎర్రబడింది.

"చూశారా! ఊదా!" అన్నాను.

"ఎర్ర," అన్నాడు ఆయన.

"ఊదా కలిసిన ఎరుపు."

"ఉత్త ఎర్ర, మేడం. పసుపుల సున్నం పడితే ఏమైతది? మీ ఇంట్ల దిష్టి తియ్యరా?"

గుంపంతా నా వంక తిరిగింది. సున్నం తగిలితే పసుపు ఎర్రబడుతుందని, పొటాష్ కూడా అదే పని చేస్తుందని నాకు తెలియకపోలేదు. నా పిల్లలకి ఎన్నిసార్లు ఎర్రనీళ్లు తిప్పి పారబోశానో. అయినా ఆ క్షణంలో తట్టలేదు. ఆయన వేలితో రుద్ది, వాసన చూసి, వేలు నా ముక్కు దగ్గర పెట్టాడు. నాకా వారం జలుబు.

"ఇది పసుపు. ఎవలో తెచ్చి పూస్తున్నరు," అన్నాడు. తర్వాత నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించాడు. "మేడం, మీకు బండ గావాలె. బండ ఉండాలంటే ఇది ఉండాలె. ఉన్నది సాల్తలేదని పెంచుతున్నరా ఏంది?"

నాకు ఒళ్లు మండిపోయింది. నేను! పసుపు డబ్బా పట్టుకుని తెల్లవారుజామున బండలకు పూసేదాన్నా! "మీ గోళ్లు చూసుకోండి," అన్నాను. నిజంగానే ఆయన గోళ్లు పచ్చగా ఉన్నాయి. అంతకుముందు బుధవారం ఆయన సెక్రటరీతో టీ బండి దగ్గర మాట్లాడుతూండగా నేను చూశాను కూడా. మచ్చ మీద పసుపు పూసి, తర్వాత ఇది పసుపే అని తేల్చేస్తే బండ పోతుంది, పాత దోస్తు షెడ్డు లేస్తుంది. ఆ మాట మొహం మీదే అనేశాను.

"గోళ్లు ఇప్పుడు రుద్దినందుకు పచ్చగైనయి," అన్నాడు. "సెక్రటరీ నాకు దోస్తా? అడుగున్రి ఆయన్నే." అని పేపరు మడుచుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు ఆయన టీ తాగలేదు.

నాలుగు రోజులు ఉడికిపోయాను. ఆయన్ని చేతులు పచ్చగా ఉండగా పట్టుకోవాలి, అంతే. గురువారం తెల్లవారగానే ఇంట్లోవాళ్లకి పాలకని చెప్పి బండ దగ్గరికి వెళ్లాను. పక్కన సీతాఫలం పొద ఉంది. దాని వెనక దాక్కోబోయేసరికి అక్కడ అప్పటికే ఒక మనిషి పేపరు పరుచుకుని కూర్చుని ఉన్నాడు.

"నాకు ఎర్కనే, మీరొస్తరని," అన్నాడు గుసగుసగా.

"నాకూ తెలుసు, మీరేనని," అన్నాను.

"నేను పట్టుకుందామని వచ్చిన."

"నేనూ అందుకే వచ్చాను."

ఇద్దరం ఒకరి చేతుల వంక ఒకరం చూసుకున్నాం. శుభ్రంగా ఉన్నాయి. దాంతో అనుమానం ఇంకా పెరిగింది గానీ తగ్గలేదు. పొద వెనక ఇరుక్కుని కూర్చుని, పొద్దున్నే తుడిచి వచ్చి ఉంటారని ఆయన, డబ్బా ఎక్కడో దాచారని నేను గుసగుసల్లోనే పోట్లాడుకుంటున్నాం. అంతలో అడుగుల చప్పుడైంది.

వచ్చింది కాలనీలో ఆకుకూరలు అమ్మే అవ్వ. గంప దించి, చెప్పులు విడిచి, కొంగు నడుముకి దోపుకుంది. గంపలోంచి రాగి చెంబు తీసి, పసుపు కలిపి, బండ మీద ఆ మచ్చ పైనా చుట్టూ శ్రద్ధగా పూసింది. పైన, అంతకుముందు ఎన్నడూ లేని కుంకుమ బొట్టు పెట్టింది. దండం పెట్టుకుని ఏదో చెప్పుకుంది. కొడుకు ఆటోకి గిరాకీ రావాలనో, మోకాలు నొప్పి పోవాలనో.

ఆయన పొదలోంచి లేచాడు, వెనకే నేనూ. అవ్వ దడుచుకోలేదు, ఆయన్ని చూసి సంబరపడింది.

"ఈడ అమ్మ ఉన్నదని నీకు ఎవరు చెప్పిండ్రు?" అని అడిగాడు ఆయన, అలవాటుగా.

"ఎవరు చెప్పాలె సారూ? మీరే గద!" అంది అవ్వ. "ప్రతి ఐతారం వస్తరు. మోకాళ్ల మీద కూసుంటరు. కండ్లు ఆనించి చూస్తరు. సుట్టూ తిరుగుతరు. మొన్న ఈ మేడం తీర్థం పోస్తే ఎర్రగైంది, అందరు చూసిండ్రు. ఇంత సదువుకున్నోళ్లు ఊకెనే మొక్కుతరా? అమ్మ ఎలిసిందని నేను మొదటి దినమే అనుకున్న. మీరేమో పసుపు తేరు, కుంకుమ తేరు. పట్నపోళ్లు, తెల్వదు పాపం అని నేనే చేస్తున్న."

నేను తీర్థం పోసిన చెయ్యిని కొంగులో దాచుకున్నాను. ఎవరు చెప్పారన్న ప్రశ్నకు మీరే అని జవాబొస్తే తర్వాత ఏమడగాలో ఆయనకు తెలియదు. జీవితంలో మొదటిసారి అనుకుంటాను.

తర్వాత సీసాలో నీళ్లతో చేతిరుమాలు తడిపి, అవ్వను అడిగి, మచ్చ మధ్యలో మెల్లగా అద్దాడు. పసుపు కరిగి కారింది. భూతద్దం పెట్టి చూశాడు, చాలాసేపు. అప్పుడు ఎన్నడూ చేయని పని చేశాడు. మెడలోంచి లేసు తీసి అద్దం నా చేతికిచ్చాడు. ఆ అద్దాన్ని అంతవరకూ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

చూశాను. పసుపు కింద అది ఉంది. మామిడిపండు రంగు పెచ్చు, దాని మీద ఆవగింజలో సగం కూడా లేని చిన్న చిన్న మూకుళ్లు, ఒక్కొక్కదానికీ అంచు. పసుపు అని ఆయన అన్నదీ నిజమే, లైకెన్ అని నేనన్నదీ నిజమే. ఇద్దరికీ ఆ సంగతి అంతగా రుచించలేదు.

"అవ్వా," అన్నాడు ఆయన. "నడిమిట్ల గీ జానెడు జాగ ఇడిచిపెట్టు. సుట్టూ ఏం పూసుకుంటవో పూసుకో."

"ఎందుకు సారూ?"

"అమ్మకు గాలి ఆడాలె."

అవ్వ లెంపలేసుకుని అలాగేనంది. ఆయన ఆ మాట అన్నాడని వేరే ఎవరైనా చెబితే నేను నమ్మేదాన్ని కాదు. సందు మలుపు దాకా ఆగి అడిగాను, మీరు ఇవన్నీ నమ్ముతారా అని.

"నమ్మిన అన్ననా? గాలి ఆడాలె అన్న. ఆడాలె గద?" అన్నాడు.

గాలి ఆడాలి. బాటనీ ప్రకారం కూడా ఆడాలి.

ఆదివారం సెక్రటరీ పంచాయితీ పెట్టాడు. బండ కొట్టే బ్రేకర్ బండి సందులోకి వచ్చి నిలబడింది. దాని డ్రైవరు దిగి బీడీ ముట్టించాడు. అవ్వ తనతో నలుగురు ఆడవాళ్లను తెచ్చుకుంది. శ్రావంతి నా చెయ్యి పట్టుకుంది.

"సార్, చెప్పున్రి," అన్నాడు సెక్రటరీ. "నిజమైనదైతే పాస్ అనున్రి, బండి ఎనక్కి పోతది. కాదంటే రిజెక్ట్ అనున్రి, పని షురూ చేస్త. అందరి ముంగట చెప్పున్రి."

ఆయన తొందరపడలేదు. బండను రెండుసార్లు తట్టాడు. చెవి ఒగ్గాడు. అద్దం పెట్టాడు. వాసన చూశాడు. ఆయన లెక్క నాకు తెలుసు. కల్తీ కలిసిన నమూనా చెల్లదు అని ఆయనే ఎన్నోసార్లు అన్నాడు. పసుపు కలిసింది, పొటాష్ కలిసింది, కుంకుమ కలిసింది. ఆయన స్థానంలో నేనున్నా, పిల్లలు అలాంటి నమూనా తెస్తే సున్నా వేసేదాన్ని. అబద్ధం చెప్పమని ఆయన్ని అడగలేను, అడిగినా చెప్పడు.

ఆయన లేచి మోకాళ్లు దులుపుకున్నాడు.

"హోల్డ్," అన్నాడు.

సెక్రటరీ మొహం పాలిపోయింది. మాకెవరికీ అర్థం కాలేదు గానీ ఆయనకు బాగా అర్థమైంది.

"హోల్డా? ఎన్ని రోజులు సార్?"

"తేలేదాక. ఉన్నదైతే ఉన్నది, నేను కండ్లార చూసిన. ఏందో తేలలే. తేలేదాక ఎవలు ముట్టొద్దు, ఇంచు జరుపొద్దు."

"తేలిందని ఎవరు చెప్తరు?"

"నేనే చెప్త. హోల్డ్ పెట్టినోడే తియ్యాలె. రూలు నీకు ఎర్కలేదా?"

ఎరుకే. ఆ కాలనీలో పిల్లలకి తప్ప అందరికీ ఎరుకే. కార్ఖానాలో హోల్డ్ పెట్టిన సరుకును మేనేజరు వచ్చినా కదపడానికి లేదట. పెట్టిన మనిషే వచ్చి తీస్తేనే అది కదులుతుంది. అలాంటి సరుకు ముందు నిలబడి ఈ సెక్రటరీ ఎన్ని మధ్యాహ్నాలు జుట్టు పీక్కున్నాడో. ఆయన తల కిందికి వాల్చి, డ్రైవరు వైపు చెయ్యి ఊపాడు. "పో భై, బండి తీస్కపో." అవ్వ వెంట వచ్చిన ఆడవాళ్లు కిలకిలమన్నారు, ఎందుకో వాళ్లకే తెలియాలి.

తిరిగి వస్తూ నేను ఊరుకోలేదు. "అద్దంలో చూశారుగా. పాస్ అనేస్తే పోయేదిగా?"

"పాస్ అంటే రేపు ఇంకో సెక్రటరీ వస్తడు, ఇంకో సార్‌ను తెచ్చి రిజెక్ట్ చేయిస్తడు. రిజెక్ట్ అంటే ఇయ్యాలనే పోతది. హోల్డ్‌కు అప్పీల్ లేదు, మేడం," అన్నాడు. తర్వాత నన్ను రెజిమెంటల్ బజార్‌లో ఈ కొట్టుకే తీసుకొచ్చి, మంచి రాతిపువ్వు ఎలా చూడాలో చూపించాడు. వెలుతురుకు పట్టడం, వెనక్కి తిప్పడం, వాసన. బాటనీ టీచరుకి లైకెన్ చూడడం నేర్పుతున్నాడు! నాకు కోపం రావాలి. రాలేదు.

ఆ తర్వాత లైకెన్ సంగతి తేలిందా అంటే తేలలేదు. వీటి మీద పనిచేసే ఒకాయనకి ఫొటోలు పంపాను. ఫొటోలో చెప్పలేం, ఒక పెచ్చు గీకి పంపండి, మైక్రోస్కోపు కింద చూడాలి అన్నాడు. చాకు తీసుకుని వెళ్తే అవ్వ అడ్డం నిలబడింది. "అమ్మను గీకుతరా!" అంది. మధ్యలో జానెడు జాగా వదిలి చుట్టూ పసుపు పూయడంలో ఆమె ఎంత ఖచ్చితమంటే, మాలో ఎవరినీ ఇప్పుడు దగ్గరికి రానివ్వదు. చలికాలంలో ఆయన నడకకు రావడం తగ్గించాడు. చలి అన్నాడు. ఎండలు ముదిరాక మేమే మానేశాం. నంబరు ఇవ్వని మనిషి, ఇల్లు చూపించని మనిషి. వానలు పడితే తనే వస్తాడులే అనుకున్నాను.

సేటు రాతిపువ్వు పొట్లం కడుతూ మిగతాది చెప్పాడు.

"పోయినేడు వానాకాలం షురూల్నే తెలిసింది మేడం, తబియత్ సంగతి. నమ్మలే గద ఆయన! మూడు దవఖానలు తిరిగిండు. మూడింట్ల ఒకటే చెప్పిండ్రట. ఆ దినం వచ్చి ఈ డబ్బా మూత తీసి చూసి, 'ఇంక ఇందుల ఏం కలుపుకుంటవో కలుపుకో, చూసేటోడు ఉండడు' అన్నడు. నవ్వులాటకు అన్నడనుకున్న. పరేషాన్ అయిన తర్వాత."

పోయిన ఏడాది వానాకాలం మొదట్లో, మేము ఆ మచ్చ చూసిన రోజుల్లో. అంటే బండ ముందు పంచాయితీ జరిగిన నాటికి ఆయనకు తెలుసు. మూడు ఫోన్లు మూడు పేర్లు చెబితే పగలబడి నవ్విన మనిషికి, మూడు ఆసుపత్రులు ఒకే పేరు చెప్పాయి. ఆ పేరు జేబులో పెట్టుకుని వచ్చి, అందరి ముందు లేచి నిలబడి, పెట్టినోడే తియ్యాలె అన్నాడు.

తెలిసే అన్నాడా? ఇది నా అనుమానం. ఇలాంటి అనుమానం వస్తే తేల్చుకునే దాకా నిద్రపోని మనిషిని నేను. ఆ వెనక గల్లీలో ఇల్లు కనుక్కుని, ఇంట్లోవాళ్లను అడిగితే ఏదో ఒకటి తెలుస్తుంది. అడగను. పొట్లం తీసుకుని ఆటో ఎక్కాను. దారి పొడుగునా ఏడ్చాను. ఆటో అతను అద్దంలో చూసి, "ఏమైందమ్మా?" అని అడిగితే, "ఏం లేదు, మసాలా ఘాటు," అన్నాను. నమ్మలేదు.

ఇంటికి పోకుండా ఆ సందు చివర దిగాను. బండ ఉంది. పసుపు కొత్తగా ఉంది, మధ్యలో జానెడు జాగా, అందులో అది. దాని ముందు కాలనీ సెక్రటరీ ఒక్కడే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి పక్కకి జరిగాడు.

"విన్నరా మేడం?"

"ఇప్పుడే విన్నాను."

"షెడ్డు సంగతి మళ్ల లేపుతున్నరు కాలనీల. ఆయన లేడు గద, ఇంకేంది అంటున్నరు." గొంతు సవరించుకున్నాడు. "మీరేమంటరు?"

"నన్నడుగుతారేమిటి? రూలు మీదే కదా," అన్నాను. "హోల్డ్ ఎవరు తీయాలి?"

ఆయన చాలాసేపు ఆ మచ్చ వంకే చూశాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆయనకు ఇలాంటి సరుకు తగిలి ఉండదు.

"పెట్టినోడే," అన్నాడు చివరికి.

తర్వాత వంగి చెప్పులు విడిచి పక్కన పెట్టాడు. అమ్మకో, ఆయనకో నేనడగలేదు. బండను రెండుసార్లు తట్టి, పక్కనే కూర్చున్నాను.